కుళాయి కింద బకెట్: ఒక ప్రేమ పెళ్ళి కేసు

దంపతులిద్దరి అనుమతితోనే ఈ కేసు రాస్తున్నాను. వయసులు, ఉద్యోగాలు, పాప వివరాలు మార్చాను, ఒకటి రెండు సంఘటనలు ముందువెనకలు చేశాను, కాబట్టి చదువుతుంటే ఎవరో తెలిసినవాళ్ళలా అనిపిస్తే వాళ్ళు కారు. కేసు గొప్పగా నడిచిందని కాదు రాయడం. మొదటి ఆరు వారాలు నేను లేని జబ్బుకు మందిచ్చాను. దంపతులకు కౌన్సెలింగ్ చేసేవాళ్ళలో ఈ తప్పు నేనొక్కదాన్నే చేసి ఉండను.

నేపథ్యం

ఇద్దరికీ ముప్పై దాటి కొన్నేళ్ళయింది. ఐదేళ్ళ ప్రేమ, ఎనిమిదేళ్ళ కాపురం, నాలుగేళ్ళ పాప. ఇద్దరూ ఉద్యోగాలు చేస్తారు, జీతాలు ఇంచుమించు సమానం. పెళ్ళికి రెండిళ్ళలోనూ ఒప్పుకోలేదు, ఏడాదిన్నర పోట్లాడి ఒప్పించారు. ఈ చివరి సంగతి మొదటి రోజు మామూలుగా నోట్స్‌లో రాసుకున్నాను కానీ తర్వాత చాలాసార్లు దాని దగ్గరికే తిరిగి రావాల్సి వచ్చింది. కోరి చేసుకున్న పెళ్ళిలో ఇబ్బంది వస్తే చెప్పుకోవడానికి మనుషులుండరు. అమ్మకు చెబితే "మేం ముందే అన్నాం కదా" అంటుంది, స్నేహితులకు చెబుదామంటే వాళ్ళే దగ్గరుండి పెళ్ళి చేయించినవాళ్ళు. ఆమె మాటల్లోనే చెప్పాలంటే, "అందరితో కొట్లాడి తెచ్చుకున్నది బాగాలేదని ఏ మొహం పెట్టుకుని చెప్పను మేడమ్?" అలా మూడేళ్ళు ఎవరికీ చెప్పకుండా నెట్టుకొచ్చారు.

ఆ రోజు అడిగిన వాటిలో బాగా పనికొచ్చిన ప్రశ్న ఒకటుంది. "ఆ ఐదేళ్ళలో ఎన్ని రోజులకోసారి కలిసేవారు?" వేరు వేరు ఊళ్ళలో ఉద్యోగాలు, రెండు మూడు వారాలకోసారి, వస్తే రెండు రోజులు. అక్కడే కూర్చుని లెక్కేశాం. ఐదేళ్ళ ప్రేమలో నిజంగా ఒకచోట గడిపింది రెండొందల రోజుల చిల్లర. ఇద్దరూ కాస్త నవ్వారు, ఆ సెషన్‌లో అదే మొదటిసారి. ఆ రెండొందల రోజుల్లో ఏ ఒక్క రోజూ ఉతకని బట్టలు లేవు, కట్టాల్సిన బిల్లు లేదు, జ్వరంతో ఏడ్చే పిల్ల లేదు, ఆఫీసు నుంచి వచ్చి మాట్లాడే ఓపిక లేక గోడ చూస్తూ కూర్చోవడం అసలే లేదు.

డొరొతీ టెన్నోవ్ అనే అమెరికన్ సైకాలజిస్ట్ తన 1979 పుస్తకంలో ప్రేమ తొలి రోజుల మైకాన్ని లిమరెన్స్ అంది. మనిషి గురించే ధ్యాస, ఒక్క మెసేజ్‌తో రోజంతా తేలిపోవడం, రాకపోతే కుంగిపోవడం. మామూలుగా ఏడాదిన్నర నుంచి మూడేళ్ళ దాకా ఉంటుందని ఆవిడ అంచనా. దీనికి మేత అనిశ్చితి అని కూడా ఆవిడ గమనించింది. దొరుకుతారో లేదో తెలియనప్పుడు పెరుగుతుంది, రోజూ ఎదురుగా ఉంటే తగ్గుతుంది. దూరం, పెద్దవాళ్ళ అభ్యంతరం, రైలు టికెట్ దొరుకుతుందా లేదా అన్న టెన్షన్, ఇవన్నీ కలిసి వీళ్ళ మైకాన్ని ఐదేళ్ళు లాగాయి. పెళ్ళితో ఒక్కసారిగా ఆ మూడూ పోయాయి. వాళ్ళు దాన్ని ప్రేమ పోవడం అనుకున్నారు. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ ఇంత లెక్కా వేసి నేను కూడా అలాగే అనుకున్నాను.

ఏం చెప్పుకుని వచ్చారు

మొదటి సెషన్‌లో నలభై నిమిషాలు ఆమే మాట్లాడింది. అతను నా టేబుల్ కాలి దగ్గర ఒక చోటు చూసుకుని అక్కడే కళ్ళు పెట్టాడు. ఆమె ఫిర్యాదు ఒక్క ముక్కలో: "ఇతను నన్ను ప్రేమించడం ఎప్పుడో మానేశాడు, చెప్పే ధైర్యం లేక ఉంటున్నాడు." అతని ఫిర్యాదు, నేను రెండుసార్లు అడిగాక: "ఏం చేసినా తప్పే అవుతుంది. అందుకని చేయను."

ఉదాహరణ చెప్పమన్నాను. బాత్రూమ్‌లో కుళాయి కారుతోంది, మూడు వారాలైంది. నాలుగుసార్లు చెప్పింది. అతను ప్రతిసారీ "ఊఁ" అన్నాడు. కింద బకెట్ పెట్టారు. పొద్దున లేవగానే ఆ బకెట్ ఎత్తి పారబోసేది ఆమే. "రాత్రంతా ఆ చుక్క చప్పుడు నాకే వినబడుతుంది మేడమ్, పక్కనే పడుకున్న మనిషికి వినబడదు." అతను తల ఎత్తకుండానే "వినబడుతుంది" అన్నాడు. ఆమె ఒక్కసారి అతని వైపు తిరిగి, "వినబడీ పడుకున్నావా?" అంది. అంతే, మిగతా ఇరవై నిమిషాలూ అతని నోట్లోంచి మాట రాలేదు.

జంటగా కూర్చోబెట్టే ముందు ఒక్కొక్కరితో విడిగా మాట్లాడటం నా పద్ధతి. కొట్టడం, బెదిరించడం, డబ్బు గుప్పిట్లో పెట్టుకోవడం లాంటివి ఉంటే ఇద్దర్నీ ఒకే గదిలో కూర్చోబెట్టి "మనసు విప్పి మాట్లాడండి" అనడం ప్రమాదం, ఇక్కడ విప్పిన మాటకు ఇంటికెళ్ళాక దెబ్బలు తినాల్సి వస్తుంది. అలాంటిదేమీ లేదు. వేరే సంబంధాలు లేవు, తాగుడు లేదు. ఇద్దరికీ పీహెచ్‌క్యూ-9 ఇచ్చాను, డిప్రెషన్ చూడటానికి వాడే తొమ్మిది ప్రశ్నల పత్రం అది. ఆమెకు స్వల్ప స్థాయి, అతనికి దాని కంటే రెండు మార్కులు ఎక్కువ. ఈ రెండోది నేను ఊహించలేదు. మౌనంగా ఉన్న మనిషికి బాధ తక్కువ అనుకోవడం నా పొరపాటు. నోట్స్‌లో గీత కింద రాసుకుని కూడా మర్చిపోయాను.

మొదటి ప్రయత్నం: ప్రేమను తిరిగి తెప్పించడం

వాళ్ళు ప్రేమ లేదన్నారు కాబట్టి ప్రేమకు చికిత్స మొదలుపెట్టాను. వారానికి ఒక సాయంత్రం పాపను ఎవరి దగ్గరైనా వదిలి ఇద్దరే బయటికి వెళ్ళాలి, ఇంటి సంగతులు ఎత్తకూడదు. రోజూ రాత్రి ఎదుటివాళ్ళలో నచ్చిన ఒక విషయం చెప్పాలి. నా లెక్క ఏమిటంటే, గొడవల మధ్య మంచి క్షణాలు అడుగంటాయి, ముందు వాటిని పెంచితే కష్టమైన విషయాలు మాట్లాడే సత్తువ వస్తుంది. అమెరికన్ సైకాలజిస్ట్ జాన్ గాట్‌మన్ పరిశోధనల్లో నిలకడగా ఉన్న జంటలు గొడవ పడుతున్నప్పుడు కూడా ఒక చెడ్డ మాటకు ఐదు మంచి మాటలో, నవ్వులో, తలూపడాలో ఉంటాయని తేలింది. ఐదుకు ఒకటి. అది చదివి, ఐదు తయారుచేద్దాం అనుకున్నాను. ఆ ఐదూ వాటంతటవి వచ్చినవని, కౌన్సెలర్ చెప్పిందని వచ్చినవి కావని మర్చిపోయాను.

మూడో వారానికి బండి ఆగిపోయింది. ఎలా జరుగుతోందో నిమిషం నిమిషం చెప్పమన్నాను. ఎక్కడికి వెళ్ళాలో వెతికింది ఆమె. పాపను ఎవరి దగ్గర ఉంచాలో ఫోన్ చేసి ఒప్పించింది ఆమె. పాప సంచి సర్దింది ఆమె. అతనికి టైం గుర్తు చేసింది ఆమె. అతను వచ్చాడు, చక్కగా తయారై వచ్చాడు, కూర్చున్నాడు, "ఇలా రావడం బాగుంది కదా" అన్నాడు. ఆ ఒక్క మాటకు ఆమెకు ఏడుపొచ్చింది. అతనికి ఎందుకో అర్థం కాలేదు, మళ్ళీ తప్పేదో చేశాననుకుని మాట మానేశాడు. అంటే ఆమె మోసే మూటల్లో నేను ఇంకొకటి పెట్టాను, దాని మీద ప్రేమ అని చీటీ అంటించాను.

రోజుకో మంచి మాట కూడా అలాగే పోయింది. "నీ ఓపిక నచ్చింది" అన్నాడట ఒక రాత్రి. "ఓపిక లేదు, వేరే దారి లేక చేస్తున్నాను" అందట ఆమె. నిజమే చెప్పింది.

రెండో ప్రయత్నం: పనుల చిట్టా

సరే, సమస్య ప్రేమది కాదు, పని పంపకానిది అని గేరు మార్చాను. ఇంటి పనులన్నీ రాయించి, మొత్తంలో తమ వాటా ఎంత శాతమో విడివిడిగా రాయమన్నాను. ఆమె 85 అంది, అతను 45 అన్నాడు. కలిపితే 130.

ఈ ఎక్కువ రావడం వింతేం కాదు. 1979లో మైకేల్ రాస్, ఫియోరే సికోలీ అనే ఇద్దరు సైకాలజిస్టులు 37 జంటల మీద ఇదే చేశారు. 20 అంశాలు ఇస్తే 16 అంశాల్లో మొగుడూ పెళ్ళాల వాటాలు కలిపి నూటికి మించి వచ్చాయి. గొప్ప కోసం అబద్ధం చెప్పారనుకుందామంటే, గొడవలకు కారణమయ్యేది ఎవరన్న దాంట్లో కూడా తమ వాటా ఎక్కువే రాసుకున్నారు. మనం చేసింది మనకు గుర్తుంటుంది, ఎదుటివాళ్ళు చేసింది మనం చూడనే లేదు, అసలు సంగతి అంతే. ఇది వాళ్ళకు చెప్పాను. ఇద్దరికీ కాస్త తేలిక పడుతుందనుకున్నాను. ఆమె "అయితే నేను ఎక్కువ చేస్తున్నానన్నది నా భ్రమ అంటారా?" అంది. అలా కాదు, వాటా ఎక్కువ రాసుకున్నంత మాత్రాన నిజంగా ఎక్కువ చేయట్లేదని కాదు, కానీ ఆ వివరం నేను ముందు చెప్పాల్సింది. పరిశోధన తెలుసు కదా అని ఎదుటి మనిషి మొహం చూడకుండా అప్పజెప్పడం ఈ వృత్తిలో వచ్చే దురలవాటు.

తర్వాత ఒప్పందం రాయించాను. నువ్వు ఇది చేస్తే నేను అది చేస్తాను. ఈ పద్ధతికి పెద్ద చరిత్రే ఉంది. 1969లో రిచర్డ్ స్టువర్ట్ అనే పరిశోధకుడు నాలుగు జంటల మీద టోకెన్లతో చేశాడు, భర్త కూర్చుని మాట్లాడితే భార్య టోకెన్ ఇస్తుంది, అవి కూడబెట్టి అతను దగ్గరితనం కొనుక్కుంటాడు. ఈ రోజు వింటే నవ్వొస్తుంది, కానీ కొంచెం మర్యాదగా తిరగరాస్తే నేను చేయించిందీ అదే. ఒప్పందాల వల్ల వచ్చిన మార్పు చాలా జంటల్లో నిలవట్లేదని సైకాలజిస్ట్ నీల్ జేకబ్‌సన్ లాంటివాళ్ళు తమ సొంత చికిత్సల ఫలితాల్లోనే చూశారు. ఎందుకు నిలవదో నా గదిలో కనబడింది. అతను నాలుగు రోజులు గిన్నెలు కడిగాడు. ఆమె అంది, "మీరు చెప్పారని కడిగాడు." పైగా గిన్నెల వెనక మసి ఉంది. అతను అన్నాడు, "చూశారా?" చిట్టా నేరాల పట్టీ అయిపోయింది, ఇద్దరూ ఫోన్‌లో దాన్ని తెరిచి నా ముందు సాక్ష్యాలు చదవడం మొదలుపెట్టారు. నేను జడ్జిని అయిపోయాను. ఆరో వారం అది.

ఆ రాత్రి నా నోట్స్ మొదటి నుంచీ చదువుకున్నాను. "వినబడుతుంది" అన్న అతని మాట దగ్గర ఆగాను. కుళాయి చప్పుడు వినబడే మనిషి, చేయించాలని తెలిసిన మనిషి, మూడు వారాలు ఎందుకు పడుకుంటాడు? నేను ఇంతవరకూ అతన్ని ఆ ప్రశ్న అడగనేలేదు. ఆమె అడిగింది, నేను కాదు.

ఆక్సీమీటర్

ఏడో సెషన్‌లో అడిగాను. అతనికీ తెలియదు. "చేద్దామనే ఉంటుంది, తను మళ్ళీ అడిగేసరికి ఏదో అయిపోతుంది" అన్నాడు. ఏదో అంటే ఏమిటి? చెప్పలేకపోయాడు. కోవిడ్ రోజుల్లో కొన్న ఆక్సీమీటర్ నా డ్రాయర్‌లో ఉంది. ఇద్దరి అనుమతితో అతని వేలికి పెట్టాను. మామూలు మాటల్లో గుండె వేగం నిమిషానికి 76 చూపించింది. ఇప్పుడు కుళాయి సంగతి ఇంట్లో అడిగినట్టే అడగమని ఆమెకు చెప్పాను. ఆమె అడిగింది, అరవలేదు కూడా, కొంచెం విసుగ్గా, "ఇంకా ఎన్నిసార్లు చెప్పాలి నీకు?" అని. అతని మొహంలో కండరం కదల్లేదు. కళ్ళు మళ్ళీ టేబుల్ కాలి దగ్గరికి వెళ్ళాయి. వేలి మీద అంకె 90, 104, 118.

ఆమె ఆ అంకె చూస్తూ ఉండిపోయింది. "ఇది తనదేనా?" అంది, మెషిన్ పాడైందేమో అన్నట్టు.

వేలికి పెట్టుకునే పరికరం ల్యాబ్ కాదు. మెట్లెక్కి వచ్చినా, కాఫీ తాగినా, వేలు చల్లగా ఉన్నా అంకెలు మారతాయి, దాన్ని రుజువు అననని ఇద్దరికీ చెప్పాను. కానీ గాట్‌మన్ బృందం 1986లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో పెట్టిన ల్యాబ్‌లో, చిన్న అపార్ట్‌మెంట్‌లాగే ఉండేది అది, జంటల గుండె వేగం కొలిచినప్పుడు కనిపెట్టిన విషయం ఇదే. గొడవలో గుండె నిమిషానికి వంద దాటి పోతే మనిషికి విన్నది తలకెక్కదు, నవ్వు రాదు, పరిష్కారం తట్టదు. కొందరు అప్పుడు అరుస్తారు, కొందరు గోడ అయిపోతారు. గోడ అయ్యేవాళ్ళలో ఎక్కువమంది మగవాళ్ళే. బయటికి నిర్లక్ష్యంలా కనబడుతుంది, లోపల పరుగెడుతూ ఉంటారు.

సైకాలజిస్ట్ ఆండ్రూ క్రిస్టెన్‌సన్ ఏళ్ళ తరబడి అధ్యయనం చేసిన వెంటపడటం-తప్పించుకోవడం ఇదే. ఒకరు అడుగుతారు, ఇంకొకరు తప్పుకుంటారు, తప్పుకున్నారని ఇంకా గట్టిగా అడుగుతారు, గట్టిగా అడిగారని ఇంకా దూరం జరుగుతారు. మార్పు ఎవరికి అవసరమో మామూలుగా వాళ్ళే వెంటపడతారు, ఉన్నది సుఖంగా ఉన్నవాళ్ళు తప్పించుకుంటారు. కాబట్టి ఇది ఆమె గయ్యాళితనమూ కాదు, అతని మొద్దుతనమూ కాదు. కుళాయి కారినా బకెట్ ఎవరు ఎత్తాలి అన్న దాంట్లో అతనికి నష్టం లేదు, అది మాత్రం అతను ఒప్పుకోవాలి. ఇది అతని ఎదురుగానే అన్నాను. అంకె 118 చూసి జాలిపడి ఆమెనే సర్దుకోమంటే మళ్ళీ మొదటికే వస్తాం.

నిజం చెప్పాలంటే ఆక్సీమీటర్ ఏమీ బాగుచేయలేదు. ఆమె మనసులో ఉన్న ఒక వాక్యాన్ని కదిలించింది, అంతే. "ఇతనికి పట్టదు" అన్న చోట "ఇతను భయపడుతున్నాడు" అని పెట్టుకోవాల్సి వచ్చింది. దానికి ఆమెకు కోపం కూడా వచ్చింది. "నన్ను చూసి భయమా? నేనేమన్నా రాక్షసినా?" ఒక సెషన్ అంతా ఈ కోపానికే పోయింది, పోవాల్సిందే. అతను ఆ రోజు చెప్పాడు, భయం ఆమెను చూసి కాదట. ఆమె అడిగిన ప్రతిసారీ, "అంత పోరాడి నిన్ను చేసుకుంటే నువ్వు ఇంతేనా" అని వినబడుతుందట. ఆమె ఎప్పుడూ అలా అనలేదు. కానీ పెళ్ళికి ముందు ఆమె తండ్రి దగ్గర "బాగా చూసుకుంటాను" అని మాటిచ్చి వచ్చిన మనిషికి కారే కుళాయి కూడా పరీక్ష పేపరే అయింది. మొదటి రోజు మామూలుగా రాసుకున్న సంగతి ఇక్కడ తేలింది.

ఏది పనిచేసింది

రెండు పనులు చేశాం, రెండూ మొదట తప్పినవే.

ఒకటి విరామం. గాట్‌మన్ ల్యాబ్‌లో జంటల గొడవ మధ్యలో మెషిన్లు సరిచేయాలని చెప్పి ఆపించి, ఇరవై నిమిషాలు పత్రికలు చదువుకోమనేవారు. గుండె నెమ్మదించాక మళ్ళీ మొదలుపెడితే అదే మనుషులు వేరేలా మాట్లాడేవారు. అందుకని గొడవ ముదిరితే ఎవరైనా "ఇరవై నిమిషాలు" అని లేచి వెళ్ళొచ్చు అని నియమం పెట్టాను. మొదటి వారమే బెడిసికొట్టింది. అతను "ఇరవై నిమిషాలు" అని బాల్కనీలోకి వెళ్ళి, నెమ్మదించాడు, నెమ్మదించాక బాగుంది కదా అని ఉండిపోయాడు, పడుకున్నాడు. ఆమెకు అది తప్పించుకోవడానికి నేను అచ్చేసి ఇచ్చిన లైసెన్స్‌లా కనబడింది. నియమం మార్చాను: విరామం అడిగినవాళ్ళే తిరిగి రావాలి, తిరిగి వచ్చినవాళ్ళే ముందు మాట మొదలుపెట్టాలి. వెంటపడేవాళ్ళకు కావాల్సింది గెలుపు కాదు, అవతలి మనిషి తనంతట తాను తిరిగి వస్తాడన్న నమ్మకం. తప్పుకునేవాళ్ళకు కావాల్సింది ఊపిరి. ఈ ఒక్క సవరణలో రెండూ ఉన్నాయి. మొదటిసారి తిరిగొచ్చి అతను అన్న మాట "ఎక్కడున్నాం?" అట. ఆమెకు నవ్వొచ్చిందట. దాన్ని నేను పెద్ద విజయంగా రాసుకున్నాను.

రెండోది పని మొత్తం చేతికివ్వడం. సామాజిక శాస్త్రవేత్త ఆలిసన్ డామింగర్ 2019లో ఇంటి పనిలో కంటికి కనబడని భాగాన్ని నాలుగు ముక్కలు చేసి చూపించింది: ముందే ఊహించడం, దారులు వెతకడం, నిర్ణయించడం, అయిందా లేదా అని కనిపెట్టి ఉండటం. నిర్ణయాలు చాలా ఇళ్ళలో కలిసే తీసుకుంటారు. ఊహించడం, కనిపెట్టి ఉండటం మాత్రం ఎక్కువగా ఆడవాళ్ళ మీదే పడతాయి. నేను రాయించిన చిట్టాలో ఈ నాలుగూ లేవు, గిన్నెలు మాత్రమే ఉన్నాయి. ఆమె అలసట గిన్నెల దగ్గర లేదు. గిన్నెలు కడగమని చెప్పాల్సి రావడంలో ఉంది.

కాబట్టి యాభై పనులు సగం సగం పంచడం మానేసి, మూడంటే మూడు అతనికి పూర్తిగా ఇచ్చాం: పాప డాక్టర్ వ్యవహారాలు, ఇంట్లో మరమ్మతులు, పొద్దున స్కూలుకు సిద్ధం చేయడం. గమనించడం దగ్గర నుంచి ముగించడం దాకా అతనిదే. ఆమె గుర్తు చేయకూడదు. చేసినదాన్ని సరిదిద్దకూడదు, పాపకు ప్రమాదం ఉంటే తప్ప. ఈ రెండో షరతు ఆమెకు మొదటి దాని కంటే కష్టమైంది. మొదటి నెలలోనే పాపకు టీకా వేయించాల్సిన తేదీ దాటిపోయింది. ఆమెకు తేదీ తెలుసు. తొమ్మిది రోజులు నోరు బిగబట్టింది. డాక్టర్‌ని అడిగితే ఆ కాస్త ఆలస్యంతో ఇబ్బంది లేదన్నారని, లేకపోతే ఆగేదాన్ని కానని నాతో విడిగా చెప్పింది. పదో రోజు అతనే కార్డు తీసి చూసుకుని, మొహం తెల్లబోయి, ఆఫీసుకు సెలవు పెట్టి తీసుకెళ్ళాడు. సాయంత్రం వచ్చి తప్పు తానే చెప్పాడు. ఆమె "తెలుసు" అంది. "తెలిసీ చెప్పలేదా?" అన్నాడు. బకెట్ రోజు ఆమె అడిగిన ప్రశ్న ఇప్పుడు అతని నోట్లోంచి వచ్చింది. అతనికి కోపం వచ్చింది, ఆమెకూ వచ్చింది, ఆ రాత్రి రెండు విరామాలు తీసుకున్నారట. మర్నాడు అతను ఫోన్‌లో ఆ ఏడాది మొత్తానికి పాప తేదీలన్నీ ఎక్కించుకున్నాడు.

అప్పటి నుంచి మెల్లగా మారింది. అతను పొద్దున పాపకు వేసే జడ వంకరగా ఉంటుంది. ఆమె అలాగే స్కూలుకు పంపిస్తుంది. కుళాయి కూడా ఈ మధ్యలోనే ఎప్పుడో బాగుపడింది, ఏ రోజో ఇద్దరికీ గుర్తులేదు. చేయించానని అతను చెప్పలేదు, చప్పుడు ఆగిందని ఆమె గమనించలేదు. ఆ సెషన్‌లో నేను అడిగితే ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పుడు ఆమె, నేను చెప్పకుండానే, "చెప్పాల్సింది కదా" అంది, ఫిర్యాదులా కాదు, మిఠాయి దాచినవాళ్ళని అడిగినట్టు. మూడో వారం నేను హోంవర్క్‌గా ఇస్తే రాని మాట అది.

తీరనివి

రెండో బిడ్డ కావాలని అతనికి ఉంది, ఆమెకు లేదు. పదిహేడు సెషన్లలో నాలుగు దీనికే పెట్టాం, తేల్లేదు. ఇది తేలేది కాదేమో. గాట్‌మన్ లెక్క ప్రకారం జంటల గొడవల్లో 69 శాతం ఎప్పటికీ తీరనివి, ఏళ్ళ తర్వాత పిలిచి అడిగినా అవే విషయాల మీద అలాగే వాదించుకుంటారు. బాగున్న జంటలకూ అవి ఉంటాయి. నేను వాళ్ళకు ఇవ్వగలిగింది, ఆమె "వద్దు"ని అతను తన మీద తిరస్కారంగా వినకుండా ఉండటం. అది కూడా మంచి రోజుల్లోనే పనిచేస్తుంది. ఆమెకు ఇంకా ఎక్కువ మాటలు కావాలి, అతనికి ఇంకా ఎక్కువ నిశ్శబ్దం కావాలి, అదీ మారలేదు.

పాత రోజుల సంగతి చివరి నెలలో ఆమే ఎత్తింది. "ఆ రెండొందల రోజులూ అబద్ధమా మేడమ్?" అంది. నేను జవాబు వెతుక్కునే లోపు అతను అన్నాడు, "అబద్ధం ఎందుకవుతుంది, అప్పుడు నువ్వు రైలు దిగుతుంటే చూడటం తప్ప నాకు వేరే పని లేదు, ఇప్పుడు పని ఉంది." ఆమెకు ఆ జవాబు సరిపోయిందో లేదో నాకు తెలియదు. మొహం చూస్తే సగం సరిపోయినట్టుంది.

ఈ కేసు తర్వాత నేను మొదటి నెలలో ఏ జంటకీ సాయంత్రం షికార్లు రాసివ్వడం లేదు. "ప్రేమ లేదు" అని వచ్చినవాళ్ళను ముందు నిన్నటి రోజు గంట గంటకీ చెప్పమంటున్నాను, ఎవరు గమనించారు, ఎవరు చెప్పారు, ఎవరు చేశారు, చేశాక ఎవరు చూశారు. మౌనంగా ఉన్న మనిషిని "ఎందుకు మాట్లాడవు" అనే బదులు ఒంట్లో ఏమవుతోందో అడుగుతున్నాను. ఆక్సీమీటర్ అందరికీ పెట్టను. ఒకాయనకు పెట్టబోతే "నేనేమన్నా పేషెంట్‌నా" అని లేచి వెళ్ళిపోయాడు, తిరిగి రాలేదు.

ముగించిన ఆరు నెలలకు వీళ్ళిద్దరూ ఒకసారి వచ్చారు, ఎలా ఉన్నారో చూసే మామూలు సెషన్. బాగానే మొదలైంది, పావుగంటలో రెండో బిడ్డ దగ్గరికి వచ్చింది, ఆమె గొంతు పెరిగింది, అతని కళ్ళు టేబుల్ కాలి దగ్గరికి వెళ్ళాయి. నేను కలగజేసుకునే లోపే అతను "ఇరవై నిమిషాలు" అని లేచి కారిడార్‌లోకి వెళ్ళాడు. గదిలో మేమిద్దరమే మిగిలాం. ఏమన్నా మాట్లాడదామా అన్నాను. "వద్దు మేడమ్, వస్తాడు" అని ఆమె బ్యాగులోంచి ఒక పత్రిక తీసింది. పద్దెనిమిదో నిమిషంలో తలుపు తెరుచుకుంది.